యాంగిల్ కాక్ దాకా మన పనే

ప్రశ్న: వాష్‌బేసిన్ కుళాయి ఎంత గట్టిగా కట్టేసినా కారుతూనే ఉంది. ప్లంబర్‌ని అడిగితే ఇవాళ వస్తా, రేపు వస్తా అంటున్నాడు. మావారు ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉంటారు. వీడియోలు చూస్తే తేలిగ్గానే కనిపిస్తోంది గానీ, సగంలో నీళ్లు ఆగకపోతే ఏం చేయాలా అని టెన్షన్. కొత్త కుళాయి నేనే బిగించుకోగలనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బిగించుకోగలరండీ, తప్పకుండా. ఈ పనికి బలం అక్కర్లేదు, ఓపిక చాలు. బేసిన్ కింద గోడలోంచి బయటికి వచ్చిన చిన్న వాల్వు ఉంటుంది చూడండి, షాపుల్లో దాన్నే యాంగిల్ కాక్ అంటారు. అక్కడి నుంచి పైన కుళాయి దాకా ఉన్నదంతా నట్లు, వాషర్ల వ్యవహారం. సరిగ్గా కూర్చోకపోతే విప్పి మళ్లీ బిగించుకోవచ్చు, మహా అయితే ఒక వాషర్ పోతుంది. యాంగిల్ కాక్ వెనక, గోడ లోపల ఉన్నదాని జోలికి మాత్రం వెళ్లకండి, అక్కడ ఏదైనా తేడా వస్తే టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది. ఆ పని ప్లంబర్‌కే వదిలేయండి.

మీ టెన్షన్ అంతా నీళ్లు ఆగుతాయా లేదా అనే కదా, అదేదో కుళాయి కొనకముందే తేల్చేసుకోండి. యాంగిల్ కాక్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పి మూసేసి, పైన కుళాయి తెరవండి. గొట్టంలో మిగిలిన నీళ్లు కాసిన్ని వచ్చి ఆగిపోతే మీకు ఇక దిగులే లేదు. సన్నటి ధార ఆగకుండా వస్తూనే ఉంటే ఆ కాక్ లోపల అరిగిపోయిందన్న మాట. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని కాక్ అసలు కదలకపోవచ్చు కూడా, అప్పుడు పానా పెట్టి బలవంతం చేయకండి, లోపల తిరిగే కాడ, అంటే స్పిండిల్, విరిగిందంటే అసలు కథ అప్పుడు మొదలవుతుంది. అలాంటప్పుడు మేడ మీద ట్యాంకు దగ్గరున్న గేటు వాల్వు మూసేయండి. అపార్ట్‌మెంట్ అయితే పైపులు దిగే డక్టులోనో, బాత్‌రూమ్ గోడకో మీ లైను వాల్వు ఉంటుంది, వాచ్‌మన్‌ని అడిగితే చూపిస్తాడు, అది మూస్తే పక్క ఫ్లాటుకీ నీళ్లు ఆగిపోతాయేమో కనుక్కుని ముందే ఒక మాట చెప్పండి. గీజర్, ప్రెషర్ పంపు ఉంటే స్విచ్ ఆపేయడం మర్చిపోకండి. పని పొద్దున్నే మొదలుపెట్టండి, ఏ వాషరో తక్కువైతే హార్డ్‌వేర్ షాపు తెరిచి ఉండాలి కదా.

ఇక కొనడం. బేసిన్ మీద నిలబడి ఉండే కుళాయిని పిల్లర్ కాక్ అంటారు, మన దగ్గర దాదాపు అన్నీ అరంగుళం సైజే, ప్యాకెట్ మీద 15 ఎంఎం అని ఉంటుంది. పాతదాన్ని ఫోన్‌లో పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి ఫొటో తీసుకెళ్లండి. ఇత్తడిదైతే చేతిలో బరువుగా ఉంటుంది, అయస్కాంతం అంటదు. ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 8931 అనే నంబరు ఉందేమో చూడండి, రాగి మిశ్రమంతో చేసే ఇలాంటి కుళాయిలకు ఉన్న ప్రమాణం అది. దాంతోపాటు యాంగిల్ కాక్‌ని కుళాయికి కలిపే వంగే గొట్టం, అంటే కనెక్షన్ పైపు, అది కూడా కొత్తది తీసుకోండి, పాతది బాగానే ఉందని అనిపించినా సరే. కుళాయి కంటే ముందు పగిలేది అదే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పగిలిందంటే హాల్లోకి నీళ్లొస్తాయి. 18 అంగుళాలదీ 24 అంగుళాలదీ దొరుకుతాయి, బిర్రుగా లాగినట్టు ఉండకుండా కాస్త వదులుగా వంగేంత పొడవు కావాలి, అలాగని మెలిపడేంత పొడవూ వద్దు. ఒక స్క్రూ రెంచి, కింద పెట్టడానికి బకెట్, పాత గుడ్డలు, టార్చి ఉంటే చాలు.

అన్నిటికంటే ముందు బేసిన్ మధ్యలోని రంధ్రంలో గుడ్డ కుక్కండి, వాషరో స్క్రూనో అందులో పడితే వెతకలేం. తర్వాత కనెక్షన్ పైపు కింది నట్టు విప్పేటప్పుడు రెండో చేత్తో యాంగిల్ కాక్‌ని కదలకుండా పట్టుకోండి. ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే నట్టుతోపాటు కాక్ కూడా తిరిగిందంటే గోడ లోపల కొత్త లీకు తెచ్చుకున్నట్టే, అది గోడకు చెమ్మ పట్టేదాకా తెలియదు.

అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. కుళాయిని బేసిన్‌కి పట్టి ఉంచే చెక్ నట్టు బేసిన్ అడుగున, వెనక మూలన, చెయ్యి కూడా సరిగ్గా దూరని చోట ఉంటుంది. టార్చి వేసి చూస్తే మీకు కనిపించేది నట్టు ఆకారం కూడా కాకపోవచ్చు, పచ్చటి చిలుము, దాని మీద గట్టిపడిన తెల్లటి ఉప్పు, మధ్యలో మరలు ఉన్నాయా లేవా అన్నట్టు. దాన్ని వెంటనే లాగకండి. వెనిగర్‌లో తడిపిన గుడ్డ దాని చుట్టూ చుట్టి ఒక గంట వదిలేయండి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఇంకాసేపు ఆగండి. కింది నుంచి పైకి చూస్తున్నప్పుడు మీ కంటికి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే వదులవుతుంది, పడుకుని చేసేటప్పుడు చాలామంది ఇక్కడ తికమకపడి ఉన్నదాన్ని ఇంకా బిగించేస్తారు. రెంచి పట్టుకోవడానికి చోటు లేకపోతే బేసిన్ రెంచి అని పొడవాటి కాడకి కొక్కెం ఉన్న పనిముట్టు దొరుకుతుంది, ఈ ఒక్క పని కోసం కొన్నా డబ్బు దండగ కాదు. ప్లాస్టిక్ నట్టు అయితే హాక్సా బ్లేడుతో కోసేయొచ్చు. ఏం చేసినా సుత్తితో మాత్రం కొట్టకండి, పింగాణీ బేసిన్ కనపడకుండా బీటలు వారుతుంది.

పాతది ఊడొచ్చాక ఆ చోట పేరుకున్న సున్నం, పాత సీలెంటు గీకి శుభ్రంగా తుడవండి. కొత్త కుళాయి కింద రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చోవాలి, మూతి సరిగ్గా బేసిన్ మధ్యకి ఉండాలి. పైన ఎవరైనా, పిల్లలైనా సరే, కుళాయిని కదలకుండా పట్టుకుంటే కింద మీరు నట్టు బిగించడం చాలా తేలిక. చేత్తో ఎంత బిగిస్తే అంత బిగించి, ఆపైన రెంచితో పావు చుట్టు, అంతే. కనెక్షన్ పైపు నట్లకూ ఇదే కొలత. ఆ నట్టు లోపల రబ్బరు వాషర్ ఉంటుంది, నీళ్లని ఆపేది అదే, కాబట్టి అక్కడ మరల మీద చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు అవసరం లేదు. కారుతోందేమోనన్న భయంతో ఇంకా ఇంకా బిగిస్తే ఆ రబ్బరు కోసుకుపోయి నిజంగానే కారడం మొదలవుతుంది.

నీళ్లు వదిలే ముందు కుళాయి మూతికున్న జాలీని విప్పి పక్కన పెట్టి, ఒక నిమిషం ధారాళంగా పోనివ్వండి, పైపులో కదిలిన ఇసుక, తుప్పు బయటికి పోతాయి. తర్వాత జాలీ పెట్టేసి, బేసిన్ కింద పొడి న్యూస్‌పేపర్ పరిచి వదిలేయండి. వేలికి తెలియని తడి కూడా కాగితం మీద మచ్చ పడితే తెలుస్తుంది. మర్నాటి పొద్దుటికి పేపర్ పొడిగా ఉంటే మీ పని అయినట్టే.

ఒకవేళ మొదట చెప్పిన పరీక్షలో యాంగిల్ కాకే పాడైందని తేలితే దాని కోసం ప్లంబర్‌ని పిలవండి, అది గోడలోని ఎల్బోకి, అంటే పైపు వంపు ముక్కకి, బిగించి ఉంటుంది. అతను ఎప్పుడొచ్చినా ఫరవాలేదు, ఈలోపు గేటు వాల్వు మూసి కుళాయి మీరు మార్చేసుకోవచ్చు. ఆలస్యం మాత్రం వద్దు. సెకనుకో చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు, మిల్లీలీటరుకు 20 చుక్కలు వేసుకున్నా రోజుకు నాలుగు లీటర్ల పైమాటే, నెలకు దాదాపు 130 లీటర్లు. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

ప్రశ్న: మాది బోరు నీళ్లు, బాగా ఉప్పు. ఏ కుళాయి పెట్టినా కొన్నాళ్లకే కారుతోంది. ప్రతిసారీ మొత్తం మార్చాల్సిందేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అక్కర్లేదు. కుళాయి ఒళ్లు బాగానే ఉంటుంది, పోయేది లోపలి స్పిండిల్. పాతరకం కుళాయి అయితే చివర రబ్బరు వాషర్ ఒక్కటి మారిస్తే సరి. పావు చుట్టుకే తెరుచుకునే రకంలో రెండు సెరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి, వాటి మధ్య ఇసుక రేణువు పడి గీత పడితే ఇక కారుతూనే ఉంటుంది. నీళ్లు ఆపి, హ్యాండిల్ మీది చిన్న మూత తీసి, లోపలి స్క్రూ విప్పితే హ్యాండిల్ ఊడొస్తుంది, దాని కింద ఉన్న స్పిండిల్‌ని రెంచితో విప్పితే బయటికి వస్తుంది. దాన్ని చేత్తో పట్టుకునే షాపుకు వెళ్లండి, పొడవు, పైన ఉండే పళ్ల లెక్క ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, నోటితో చెబితే కుదరదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగి తెల్లటి పొర కట్టే లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మీ నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి, 600 దాటితే కుళాయిల సంగతి పక్కన పెట్టి ఇంట్లో తాగే నీళ్ల గురించి ముందు ఆలోచించాలి. జాలీకి పట్టిన తెల్లటి పొరను నెలకోసారి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టి కడగండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పోయకండి, పూత లేచిపోతుంది.

ప్రశ్న: మా అత్తయ్యకు కీళ్లవాతం. కుళాయి తిప్పలేక ఇబ్బంది పడుతున్నారు, అడిగితే పర్వాలేదమ్మా అంటారు. ఏది పెట్టించాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆవిడ అడగకపోయినా మీరు గమనించారు, చాలా సంతోషం. ఆస్పత్రుల్లో డాక్టర్లు మోచేత్తో తెరుస్తారే, పొడవాటి కాడ ఉన్న కుళాయి, దాన్ని ఎల్బో ట్యాప్ అని అడగండి, బేసిన్ మీద బిగించే రకం కూడా ఉంటుంది. వేళ్లతో పట్టుకునే పనే లేదు, మణికట్టుతో నెడితే చాలు. బిగించే పద్ధతి పైన ఖమ్మం పాఠకురాలికి చెప్పినదే. కాకపోతే కాడ పూర్తిగా తిరిగినప్పుడు గోడకో అద్దానికో తగలకుండా చోటు ఉందా అని ముందే కొలుచుకోండి. బాత్‌రూమ్‌లో బకెట్ దగ్గరి కుళాయి కూడా చూడండి, ఆవిడ ఎక్కువ వాడేది బహుశా అదే. అది గోడకు ఉండే కుళాయి కాబట్టి ప్లంబర్ చేతే మార్పించండి, ఈ మధ్య కట్టిన ఇళ్లలో గోడ లోపల ఉండేవి చాలావరకు సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు, పాత కుళాయిని బలంగా తిప్పితే లోపల ఎల్బో పగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాళ్ల బేసిన్ కుళాయి పాడైందట. ఇక్కడ మంచి ఇత్తడిది కొని పంపుదామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పంపకండి. అక్కడి మరల కొలతలు వేరు, బేసిన్ కింది వాల్వు వైపు సాధారణంగా మూడు ఎనిమిదో వంతు అంగుళం సైజు ఉంటుంది, మన అరంగుళం పైపు దానికి ఎక్కదు. చాలా బేసిన్లకు మూడు రంధ్రాలుంటాయి, మన పిల్లర్ కాక్ పెడితే రెండు తెరిచే ఉండిపోతాయి. బాబు అద్దె ఇంట్లో ఉంటే ముందు అపార్ట్‌మెంట్ ఆఫీసుకు చెప్పమనండి, ఇలాంటి రిపేరు మామూలుగా వాళ్లే చేయిస్తారు. సొంతిల్లయితే పాతదాని ఫొటో తీసుకుని అక్కడి హార్డ్‌వేర్ స్టోరుకే వెళ్లమనండి.