గది ఎంత దూరమని కాదు, ఏ వేళకు ఇస్తారని అడగండి

ప్రశ్న: తిరుపతి నుంచి ఇద్దరు పిల్లలతో బెంగళూరు వండర్‌లా వినోద పార్కుకు వెళ్తున్నాం. రెండు రోజులు ఉంటాం. పార్కును ఆనుకుని ఉన్న రిసార్టు మా బడ్జెట్‌కు అందడం లేదు. బయట ఎక్కడ గది తీసుకుంటే మంచిది?

వండర్‌లాకు నేను వెళ్లింది రెండే సార్లు. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకుంది. తిరుపతి బస్టాండు వెనక సందులో ఒక లాడ్జిలో 21 ఏళ్లుగా కౌంటరు దగ్గర కూర్చుంటున్నాను. "కొండ మీద గది దొరకలేదు, కింద ఉంటే ఇబ్బందా?" అని రోజుకు పదిమందైనా అడుగుతారు. మీరు అడిగిందీ అదే ప్రశ్న. కాకపోతే అక్కడ దేవుడు, ఇక్కడ నీళ్ల జారుడుబల్ల.

ముందు జవాబు చెప్పేస్తాను. బిడది ఊళ్లోనే తీసుకోండి. అక్కడ నచ్చకపోతే ఇంకాస్త ముందుకు, రామనగర వైపు చూడండి. బెంగళూరు నగరం లోపల మాత్రం వద్దు. వండర్‌లా ఉన్నది బెంగళూరులో కాదు, మైసూరు రోడ్డు మీద బిడది దగ్గర. నగరం నడిబొడ్డు నుంచి 28 కిలోమీటర్లు. "ఇరవై ఎనిమిదే కదా, మనం తిరుమలకు ఎక్కి దిగడం లేదా" అని మా బావమరిది కూడా అన్నాడు. ఆ మాట నమ్మి మేము పడిన పాట్లు చెప్తాను, వినండి.

2014 వేసవి సెలవులు. మా అమ్మాయికి 11 ఏళ్లు, అబ్బాయికి 5. మేమిద్దరం, మా అమ్మ, మా బావమరిది, ఆయన భార్య. గది బాధ్యత బావమరిది తీసుకున్నాడు. ఇంట్లో లాడ్జి మేనేజరును పెట్టుకుని గది చూసే పని అతనికి ఇవ్వడం మొదటి తప్పు. ఫోనులో ఫొటోలు చూసి, బెంగళూరు నడిబొడ్డున పెద్ద బస్టాండు ఉండే మెజెస్టిక్ దగ్గర రెండు గదులు తీసుకున్నాడు. ఒక్కోటి 1,800 రూపాయలు, టిఫిను ఉచితం. "బస్సు దిగి నడిచి వెళ్లిపోవచ్చు బావా" అన్నాడు. అది నిజమే, నడిచే వెళ్లాం. రాత్రి 11 గంటల బస్సు ఎక్కి తెల్లవారుజామున దిగి, అయిదుంబావుకు ఆ హోటల్ మెట్ల మీద ఉన్నాం.

కౌంటరులో కుర్రాడు రిజిస్టరు మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపాను. ములబాగిలు వైపు అబ్బాయి, తెలుగు చక్కగా వస్తుంది. కళ్లు నులుముకుంటూ మా పేరు వెతికి, "మీకు గది పన్నెండుకు సార్" అన్నాడు.

అతని తల వెనక తాళాల బోర్డు ఉంది. మా వృత్తిలో మొదట నేర్చుకునేది ఆ బోర్డు చదవడం. గది లేదని చెప్పేటప్పుడు దానికి అడ్డంగా నిలబడటం రెండో పాఠం. ఆ అబ్బాయి ఇంకా రెండో పాఠం దాకా రాలేదు. లెక్కపెట్టాను. 32 కొక్కేలకు 14 తాళాలు వేలాడుతున్నాయి. అంటే ఆ వేళకు 14 గదులు ఖాళీగా, ఊడ్చి, దుప్పట్లు పరిచి ఉన్నాయి. మా అమ్మ సోఫాలో మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. పిల్లలు సంచుల మీద వాలిపోయారు.

"నేనూ లాడ్జివాడినే నాయనా, ఆ తాళాలు నాకు కనబడుతున్నాయి" అన్నాను.

అతను సిగ్గుపడ్డాడు. "కంప్యూటర్‌లో పన్నెండుకు ముందు పేరు ఎక్కదు సార్."

"సగం అద్దె ఎక్కువ కడితే ఎక్కుతుందా?"

"అప్పుడు ఎక్కుతుంది సార్."

గదికి 900 చొప్పున మరో 1,800 కట్టాను. అమ్మ లేస్తూ, "ఇదెక్కడి సత్రంరా, మనిషి వాకిట్లోకి వస్తే మొహం చూడకుండా గడియారం చూస్తారు" అంది. ఉచిత టిఫిను మర్నాటి నుంచేనట. అది వినేసరికి బావమరిది ఫోను చూసుకుంటూ పక్కకు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పన్నెండుకు ఇచ్చి మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయించే ఈ పద్ధతి మన దగ్గరకు ఎలా వచ్చిందో గానీ, మన బస్సులకు, రైళ్లకు ఏమాత్రం సరిపడదు. మన జనం రాత్రి ప్రయాణాలు చేస్తారు, తెల్లవారుజామున దిగుతారు, స్నానం చేసి పని మీద పోతారు. తిరుపతిలో 24 గంటల పద్ధతి ఊరికే పుట్టలేదు. దర్శనం ఏ వేళకు అవుతుందో మనిషి చేతిలో లేదు కాబట్టి, దిగిన గంట నుంచి లెక్క. దేవస్థానం గదులకూ అదే లెక్క. "ఉదయం అయిదున్నరకు దిగితే మర్నాడు అయిదున్నరకే ఖాళీ చేయాలి కదా, అదేం సుఖం?" అని మీరు అనవచ్చు. పిల్లలు నిద్రపోతున్న గది తలుపు ఆ వేళప్పుడు ఎవరు తడతారండీ? ఎనిమిది దాకా చూసీచూడనట్టు వదిలేస్తాం. ఆ మాటను కంప్యూటర్‌లో రాయలేం, అదే తేడా.

పార్కు గురించి ఎక్కువ చెప్పను. పిల్లలు ఆనందించారు. అక్కడ టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. కొలత దగ్గర మావాడు పెద్దవాడిననిపించుకోవాలని మునివేళ్ల మీద నిలబడ్డాడు. పొడవైతే జేబుకు చిల్లు నాకని వాడికేం తెలుసు. నీళ్లలోకి నూలు బట్టలతో దిగనివ్వరు, నైలాన్ తరహావే ఉండాలి. అది ముందే తెలిసి గాంధీ రోడ్డులో కొనుక్కుని వెళ్లాం. మీరూ ఇక్కడే కొనుక్కోండి.

అసలు కథ సాయంత్రం మొదలైంది. ఆరు గంటలకు బయటపడ్డాం. ఏడుగురికి సంబంధించిన తడి బట్టలు రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఉన్నాయి. ఒక సంచికి అడుగున చిల్లు. సిటీ బస్సులో నిలబడే చోటు దొరికింది. నగరం అంచున ఉండే కెంగేరి వచ్చేసరికి బండ్లు కదలడం మానేశాయి. ముందు లారీ, వెనక లారీ, పక్కన పెళ్లి బస్సు. సంచిలో నీళ్లు నడవ పొడవునా పారుతుంటే కండక్టర్ కన్నడంలో ఏదో అన్నాడు. భాష రాకపోయినా భావం పూర్తిగా అర్థమైంది. అబ్బాయి నా భుజం మీద నిద్రపోయాడు. వాడి తలలో తడి నా చొక్కాలోకి, చొక్కాలో తడి వాడి చెంపకు. మెజెస్టిక్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. 28 కిలోమీటర్లకు రెండున్నర గంటలు. మన ఘాట్ రోడ్డు మీద రద్దీ రోజున కూడా నేను అంతసేపు కూర్చోలేదు.

గదికి చేరాక ఇంకో చిక్కు. ఏసీ గది కాబట్టి కిటికీ తెరుచుకోదు. తడి బట్టలు ఎక్కడ ఆరేయాలి? కుర్చీ వీపు మీద, బాత్‌రూమ్ తలుపు మీద, టీవీ మీద వేశాం. మిగిలినవి మా ఆవిడ కర్టెన్ కడ్డీ మీద వేసింది. అర్ధరాత్రి అది పెద్ద శబ్దంతో ఊడి పడింది. మా అమ్మ "గోవిందా" అంటూ లేచి కూర్చుంది. మర్నాడు బిల్లులో కడ్డీకి 400 వేశారు. లాడ్జివాడిగా ఒప్పుకుంటాను, నేనైనా వేసేవాణ్నే.

బయల్దేరేటప్పుడు లెక్క చూశాను. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు మూడు గంటలు. రాత్రి తొమ్మిది నుంచి మర్నాడు పది వరకు పదమూడు. మొత్తం 16 గంటలకు గదికి 2,700. ఒకటిన్నర రోజు అద్దె కట్టి ముప్పావు రోజు కూడా ఉండలేదు.

రెండోసారి 2017లో వెళ్లాం. ఈసారి గది నేనే చూశాను. చిత్తూరు, పలమనేరు మీదుగా బండి మాట్లాడుకుని పగలే బయల్దేరాం. మొగిలి ఘాట్ వెలుతురుండగా దాటాలన్నది మా ఇంటి నియమం. ములబాగిల్లో నేతి దోసె తిని, సాయంత్రానికి బిడది చేరాం. ఒక చిన్న లాడ్జి. పిస్తా రంగు గోడలు, టీవీ మీద దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పువ్వులు. ఫొటో తీసి పెడితే ఎవరూ రారు. నేను మాత్రం ముందు పైకి వెళ్లి డాబా చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగు వరసల తీగ కట్టి ఉంది. అడ్వాన్సు అక్కడే ఇచ్చేశాను.

పార్కు తెరిచేది 11 గంటలకు. ఉదయం తీరిగ్గా లేచి తట్టె ఇడ్లీ తిన్నాం. బిడదికి పేరు తెచ్చింది ఆ ఇడ్లీనే. పళ్లెమంత వెడల్పు, పైన వెన్నముద్ద. రెండు తింటే మధ్యాహ్నం వరకు ఆకలి ఉండదు, పార్కు లోపల తిండి ఖర్చు సగం తగ్గుతుంది. అమ్మ ఈసారి టికెట్ తీసుకోలేదు. గదిలోనే పడుకుని, సాయంత్రం డాబా మీద కూర్చుంది. మేము బయటపడిన పదిహేను నిమిషాల్లో గదిలో ఉన్నాం. బట్టలు తీగ మీద, పిల్లలు వేడినీళ్ల బకెట్ల దగ్గర. ఏడు గంటలకల్లా అన్నాలు.

లోపాలు లేవని కాదు. రాత్రంతా లారీల హారన్లు, దోమలు. తొమ్మిది దాటితే తిండికి ఆ చుట్టుపక్కల ఏమీ దొరకలేదు. పట్టువస్త్రం కట్టుకుని వెళ్లే చోటైతే ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మీరు పోయేది నీళ్లలో నానడానికి.

ఇప్పుడు దారులు మారాయి, అది కూడా చెప్పాలి. మొన్న మా అబ్బాయి స్నేహితులతో వెళ్లి వచ్చాడు. 2023లో బెంగళూరు మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. అది బిడది, రామనగర ఊళ్లలోకి వెళ్లకుండా పక్క నుంచి పోతుంది. ఆటోలను, బైకులను ప్రధాన దారి మీదికి రానివ్వరు. కాబట్టి గది తీసుకున్నాక ఎక్కడ దిగి సర్వీసు రోడ్డు పట్టుకోవాలో లాడ్జివాణ్నే అడగండి. ఆ మలుపు తప్పితే ఇంకో ఊరు దాకా పోయి వెనక్కి రావాలి. అదే ఏడాది మెట్రో ఊదారంగు లైను కెంగేరి దాటి చల్లఘట్ట వరకు వచ్చింది. నగరంలోనే ఉండాలని ఇంట్లో పట్టుబడితే ఆ లైను మీద కెంగేరి, రాజరాజేశ్వరి నగర్ లాంటి స్టేషన్ల దగ్గర చూడండి. మెజెస్టిక్ అనే మాట ఎవరైనా ఎత్తితే నా పేరు చెప్పండి.

ఈ సంగతి అమెరికాలోనూ ఇంతే. మా అక్క కొడుకు ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ చూపించడానికి అక్కావాళ్లను తీసుకెళ్లాడు. బయట వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, రోజూ సాంబారు అన్నం. అంతవరకు భేష్. కానీ మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కుకు బయటివాళ్లు కారులో నేరుగా గేటు దగ్గరకు పోలేరట. కారు ఒకచోట వదిలి, అక్కడి నుంచి మోనోరైలో పడవో ఎక్కి చెరువు దాటాలి. "ఇంటి నుంచి పావుగంటే అన్నాడు, లోపలికి అడుగు పెట్టేసరికి గంట దాటింది" అని అక్క ఇప్పటికీ అంటుంది. గది తలుపు నుంచి గేటు దాకా లెక్క చూడమని నేను చెప్పేది అందుకే. మ్యాపులో గీత చూసి మోసపోకండి.

గది నచ్చాక యాప్‌లో డబ్బు కట్టకముందు ఒకసారి లాడ్జికి నేరుగా ఫోను చేయండి. ఏ వేళకు ఇస్తారు, ఏ వేళకు తీసుకుంటారు అన్నది మొదట అడగండి. వేడినీళ్లు సాయంత్రం కూడా వస్తాయా అని అడగండి. చాలాచోట్ల పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకే ఇస్తారు, మీకు కావలసింది సాయంత్రం ఏడింటికి. డాబా మీదికి తలుపు తెరిచి ఉంటుందా అని కూడా అడగండి. వింతగా చూస్తారు, ఫరవాలేదు. అదనపు పరుపుకు డబ్బు తీసుకుంటామంటే పరుపు మందం ఎంతో అడగండి. మా వాళ్లు కొందరు బొంతను పరుపు అంటారు.

రెండు రోజులు అన్నారు కాబట్టి ఒక్క మాట. పార్కుకు వెళ్లే రోజు గది ఖాళీ చేసే రోజు కాకుండా చూసుకోండి. పొద్దున పదింటికి సామాను బయట పెట్టి వెళ్తే, సాయంత్రం తడిసిన పిల్లలకు బట్టలు మార్చడానికి బస్టాండే గతి. రెండో రోజు పిల్లలతో చన్నపట్నం వెళ్లండి, రామనగర దాటగానే వస్తుంది. లక్క రంగులు అద్దిన కొయ్య బొమ్మలు దొరుకుతాయి. మా అబ్బాయి కొన్న బొంగరం ఇంకా మా కౌంటరు సొరుగులో ఉంది.

పెద్దవాళ్లు ఎవరైనా వస్తున్నారో లేదో మీరు రాయలేదు. వస్తుంటే కింది అంతస్తు గది అడగండి. లిఫ్టు ఉందని చెప్తారు, పనిచేస్తుందా అని కూడా అడగండి.