వీసా అయిపోతే ఇంగ్లండ్‌లో కాన్పు ఎలా?

స్టూడెంట్ వీసా గడువు దాటిపోయింది, ఇప్పుడు నాలుగో నెల, ఇంగ్లండ్‌లో ఆసుపత్రికి వెళ్లాలంటే భయంగా ఉంది, వైద్యం చేస్తారా అని అడిగారు.

చేస్తారమ్మా. ముందు దగ్గర్లోని జీపీ (అంటే మన ఫ్యామిలీ డాక్టర్ లాంటి వారు) దగ్గర పేరు రాయించుకోండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు, వీసా కాగితాలు చూపించాలన్న రూలూ లేదు. కాన్పు వైద్యాన్ని ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) తక్షణం అవసరమైనదిగానే లెక్కిస్తుంది, అంటే ముందుగా డబ్బు కట్టలేదని మిడ్‌వైఫ్ (గర్భిణులను, కాన్పును చూసుకునే ఆమె) చెకప్‌లు గానీ, స్కాన్‌లు గానీ, కాన్పు గానీ ఆపకూడదు, ఆలస్యం కూడా చేయకూడదు.

అయితే బిల్లు వస్తుంది, అదీ మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు. 500 పౌండ్లు, ఆపైన బాకీ రెండు నెలలు దాటితే వీసాల సంగతి చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసుకు తెలియజేయొచ్చు, అందుకే కవరు రాగానే భయపడి సొరుగులో పడేయకండి, ఆసుపత్రి వాళ్లతో మాట్లాడి నెలకింతని వాయిదాలు అడగండి.

గర్భం రాకుండా వాడే మాత్రలు, సుఖవ్యాధుల పరీక్షలు ఉచితం, 2012 నుంచి హెచ్‌ఐవీ మందులూ అంతే. అబార్షన్‌కి మాత్రం డబ్బులు అడుగుతారు, నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది.

బిల్లు టెన్షన్‌తో చెకప్‌లు మానేయడమే అసలు ప్రమాదం. విపరీతంగా తలనొప్పి వచ్చినా, కళ్లు మసకలేసినా, ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా ఆ రోజే వెళ్లండి.