బ్లాక్ బాక్స్ లేని చిన్న విమానం ప్రమాదానికి గురైతే కారణం ఎలా తెలుస్తుంది?

శిక్షణ విమానాల్లో బ్లాక్ బాక్స్ ఉండదు కదా, మరి ప్రమాదానికి కారణాన్ని ఎలా కనిపెడతారు, ఆ దర్యాప్తు వల్ల నిజంగా భద్రత పెరుగుతుందా అని మీరు అడిగారు. పైలట్ శిక్షణ సంస్థలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసి, ఒక దర్యాప్తులో స్వయంగా జవాబు చెప్పుకోవలసి వచ్చినవాడిగా రాస్తున్నాను.

వానాకాలంలో ఒక ఉదయం మా సెస్నా శిక్షణ విమానం గాలిలోకి లేచిన కాసేపటికే ఇంజన్ ఆగిపోయి పత్తిచేలో దిగింది. ముందు చక్రం విరిగింది కానీ, ఇన్‌స్ట్రక్టరూ విద్యార్థీ ప్రాణాలతో బయటపడ్డారు. దర్యాప్తుకు వచ్చిన అధికారి మొదట ప్రొపెల్లర్ దగ్గర కూర్చున్నారు. ఇంజన్ శక్తితో తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలను తాకితే రెండు బ్లేడులూ మెలితిరిగి, వాటి మీద అడ్డంగా గీతలు పడతాయి. మా విమానంలో ఒక బ్లేడు వెనక్కి వంగింది, రెండోది ఏమీ కానట్టు తిన్నగా ఉంది. ఇంజన్ ఆగిపోయిందన్న ఇన్‌స్ట్రక్టర్ మాటకు అదే మొదటి సాక్ష్యం. తరువాత ఇంధన వడపోత గిన్నె విప్పి గాజు సీసాలో పోయగానే పైన నీలిరంగు పెట్రోలు, అడుగున రంగులేని నీరు విడివిడిగా నిలిచాయి.

ఆ నీరు ఎక్కడిదో చెప్పగలిగినవాడిని నేనొక్కడినే. కుడి రెక్క మీది ఇంధన ట్యాంకు మూతకు ఉండే రబ్బరు సీలు గట్టిపడిందని నెల ముందే గమనించాను, కొత్తదానికి ఆర్డరు కూడా పెట్టాను, కానీ లాగ్‌బుక్‌లో రాస్తే అది వచ్చేదాకా విమానాన్ని ఆపేయాలి కాబట్టి రాయలేదు. ఆ రాత్రంతా వాన కురిసింది, విమానం ఆరుబయటే ఉంది.

అధికారి ప్రశ్నలు మొదలుపెట్టే ముందు, తమ పని ఇలాంటిది మళ్లీ జరగకుండా చూడటమే తప్ప తప్పు ఎవరిదో తేల్చడం కాదని స్పష్టంగా చెప్పారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రూపొందించిన అనెక్స్ 13లోని మూలసూత్రం అదే. మన దేశంలో 2012లో విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి వేరుగా ఏర్పాటు చేయడం వెనుక కూడా, నియమాలు పెట్టి పర్యవేక్షించే చేతులే ప్రమాదాన్నీ విచారించకూడదన్న ఆలోచన ఉంది. ఆ మాట వినకపోయి ఉంటే నేను నోరు విప్పేవాడిని కాదేమో. సీలు సంగతి, రాయకపోవడం, రెండూ చెప్పేశాను. రికార్డర్లు లేని చిన్న విమానాల విషయంలో దర్యాప్తు బలమంతా ఇలా భయపడకుండా చెప్పే మాటలోనే ఉందని నా గట్టి నమ్మకం. నీరు దొరికిందని గాజు సీసా చెబుతుంది, అది నెల రోజులుగా తెలిసిన లోపం వల్ల వచ్చిందని మనిషే చెప్పాలి.

ఇక భద్రత పెరుగుతుందా అన్న ప్రశ్న. ఇంధనంలో నీరు చేరడం చిన్న విమానాలకు పాత శత్రువు. కొన్ని సెస్నా నమూనాల్లో సంచిలాంటి రబ్బరు ట్యాంకులు ఉండేవి, వాటి ముడతల్లో నిలిచిన నీరు, అడుగున దాన్ని బయటికి వదిలే డ్రెయిన్ దాకా రాదని గుర్తించి 1984లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తప్పనిసరి తనిఖీలకు ఆదేశమిచ్చింది. పదేళ్ల విరామం తరువాత 1996లో ఉత్పత్తి మళ్లీ మొదలైన సెస్నా 172లో ఒక్కో రెక్క కింద ఐదు, ఇంజన్ వైపు మూడు, మొత్తం 13 డ్రెయిన్లు పెట్టారు. శిక్షణలో ఉన్న పిల్లలు ప్రతి ఉదయం అన్నిటి నుంచీ నమూనా తీయాలని విసుక్కుంటారు. ఒక్క జాగ్రత్త మాత్రం వాళ్లకు ఎప్పుడూ చెప్పేవాడిని: సీసా నిండా నీరే వస్తే అందులో విడదీసే గీత కనబడదు, కాబట్టి గీత కోసం కాదు, నీలిరంగు కోసం చూడాలి.

నా వాంగ్మూలం తరువాత మా హ్యాంగరులోని మిగతా మూడు విమానాల మూతలు విప్పి చూశాము. రెండింటి సీళ్లు అలాగే గట్టిపడి ఉన్నాయి. ఆ రెండూ ఆ ఉదయం కూడా ఎగిరాయి.