ఆడం స్మిత్‌ని చదవబోతున్న మేనకోడలికి

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. ఎమ్మే ఎకనామిక్స్ సెమినారుకి మన సబ్జెక్టుకి ఆద్యుడనే ఆడం స్మిత్‌ని తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "స్వార్థమే లోకానికి మేలు చేస్తుందన్నాడు కదా, దాని మీద నాలుగు పేజీలు రాస్తే అయిపోతుంది" అన్నావట. రాయొచ్చు, మార్కులూ వస్తాయి. నేనూ అలాగే పాసయ్యాను. అందుకే ఈ ఉత్తరం.

ఉద్యోగంలో చేరిన ఏడెనిమిదేళ్ల దాకా 'అదృశ్య హస్తం' పాఠం, అంటే ఎవరి లాభం వాళ్లు చూసుకుంటున్నా కనిపించని చెయ్యేదో నడిపించినట్టు లోకానికీ మేలు జరుగుతుందన్న మాట, గైడు చూసే చెప్పాను. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు "సార్, అది పుస్తకంలో ఎక్కడుంది?" అన్నాడు. రేపు చెప్తానన్నాను. ఆ సాయంత్రం లైబ్రరీ నుంచి స్మిత్ రాసిన 'వెల్త్ ఆఫ్ నేషన్స్' తెచ్చుకుని తిరగెయ్యడం మొదలుపెట్టాను. మొదటి భాగంలో లేదు. రెండు, మూడు భాగాల్లోనూ లేదు. నాలుగో భాగం రెండో అధ్యాయంలో దొరికేసరికి అర్ధరాత్రి దాటింది. అంత లావు పుస్తకంలో ఆ మాట ఉన్నది ఒక్కసారే! అదీ దిగుమతుల మీద ఆంక్షల గురించి చెబుతూ, వ్యాపారి తన సొమ్ము కళ్లెదుట ఉండాలని సొంత దేశంలోనే పెట్టుబడి పెడతాడన్న సందర్భంలో. మర్నాడు ఆ కుర్రాడి మొహం చూడటానికి సిగ్గేసింది.

కాబట్టి ముందు గైడు పక్కన పడెయ్. తర్వాత, 1776 నాటి ఆ పుస్తకంతో అసలు మొదలుపెట్టకు. దానికి పదిహేడేళ్ల ముందు, 1759లో, ఆయన 'థియరీ ఆఫ్ మోరల్ సెంటిమెంట్స్' రాశాడు. అప్పటికి గ్లాస్గో యూనివర్సిటీలో నీతిశాస్త్రం ప్రొఫెసరు. ఎకనామిక్స్ అనే డిపార్ట్‌మెంటు ఆ రోజుల్లో ఎక్కడిది? దేవుడి గురించి మొదలుపెట్టి, నీతి, న్యాయం మీదుగా చివర్లో ధరలు, వర్తకం, పన్నుల దగ్గరికి వచ్చేవాడు. ఆయన గురువు ఫ్రాన్సిస్ హచిసన్ కూడా అక్కడ ఆ పదవిలోనే పాఠాలు చెప్పాడు. మన సబ్జెక్టుకి పుట్టిల్లు అది.

ఆ పుస్తకంలో మూడో భాగం నిదానంగా చదువు. చైనా అంతా భూకంపంలో మునిగిపోయిందని యూరప్‌లో ఒక మంచిమనిషికి కబురొచ్చింది అనుకోమంటాడు. అయ్యో అంటాడు, నాలుగు వేదాంతం మాటలు చెబుతాడు, రాత్రికి గుర్రుపెట్టి నిద్రపోతాడు. అదే రేపు తన చిటికెన వేలు తీసేస్తారంటే కంటిమీద కునుకుండదు. చాలామంది ఇక్కడే ఆగి "చూశారా, మనిషి ఎంత స్వార్థపరుడో" అంటారు. నువ్వు పేజీ తిప్పు. ఆ వేలు దక్కాలంటే అంతమంది ప్రాణాలూ పోవాలంటే ఆ మనిషి ఒప్పుకుంటాడా అని వెంటనే అడుగుతాడు స్మిత్. ఒప్పుకోడు. ఎందుకు ఒప్పుకోడన్నదే అసలు ప్రశ్న. లోపల ఒక పక్షపాతం లేని సాక్షి ఉన్నాడు కాబట్టి అంటాడు.

ఆ సాక్షిని తొందరపడి 'అంతరాత్మ' అని రాసెయ్యకు. దేవుడు పుట్టుకతో పెట్టి పంపిన దీపం లాంటిది కాదది. ఒంటరిగా పెరిగినవాడికి తన మొహమే తనకు తెలియదనీ, నలుగురిలోకి వస్తేనే అద్దం దొరుకుతుందనీ అంటాడు. మనం రోజూ అనే 'నలుగురూ ఏమనుకుంటారో' నుంచే బయల్దేరాడన్నమాట. కానీ అక్కడే ఆగలేదు. నలుగురూ మెచ్చుకోవాలనుకోవడం వేరు, ఎవరూ చూడకపోయినా మెచ్చుకోదగినట్టు ఉండాలనుకోవడం వేరు. ఈ రెంటికీ మధ్య ఆయన గీసిన గీత నీకు దొరికితే సగం సెమినారు అయినట్టే.

ఇంకో సంగతి. నువ్వు స్మిత్ పేరు మీద రాయబోయేది నిజానికి బెర్నార్డ్ మాండెవిల్ మాట. మనుషుల దుర్గుణాలే లోకానికి లాభాలని 1714లో వేసిన తేనెటీగల కథ పుస్తకంతో గొడవ రేపినవాడు ఆయన. స్మిత్ 'మోరల్ సెంటిమెంట్స్' ఏడో భాగంలో ఆయన్ని పనిగట్టుకుని ఖండించాడు. తన బాగు తాను చూసుకోవడమల్లా దుర్గుణమేనంటే ఎలా అని ఆయన అభ్యంతరం. తర్వాత మనసు మార్చుకున్నాడేమో అంటావా? చనిపోయిన ఏడాది, 1790లో, ఇదే పుస్తకం ఆరో ముద్రణకి గుణశీలాల మీద కొత్త భాగమే చేర్చాడు.

ఇక పెద్ద పుస్తకం, 'వెల్త్ ఆఫ్ నేషన్స్'. గుండుసూదుల కార్ఖానాతో మొదలవుతుంది. ఒకడు తీగ సాగదీస్తాడు, ఒకడు సరిచేస్తాడు, ఒకడు ముక్కలు కోస్తాడు, ఒకడు మొన తీస్తాడు. గుండు చెయ్యడానికే రెండు మూడు పనులు, చివర కాగితానికి గుచ్చడం మరో పని. మొత్తం పద్దెనిమిది దాకా. పదిమంది కలిసి రోజుకి 48,000 సూదులు. ఇది అందరూ రాస్తారు. నువ్వు దీని పక్కనే ఐదో భాగం తెరిచి పెట్టుకో. జీవితమంతా ఆ ఒకటి రెండు పనులే చేసేవాడి బుర్ర మొద్దుబారిపోతుందనీ, కాబట్టి పేదపిల్లల చదువు ప్రభుత్వం చూసుకోవాలనీ అక్కడ రాశాడు. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్లు చాలామంది పాఠం చెబుతున్నట్టు నటించడం కూడా ఎప్పుడో మానేశారన్న చురకా అందులోనే ఉంది. అది చదివిన రోజు నాకు అన్నం సరిగా దిగలేదు!

మన భోజనం మాంసం కొట్టువాడి దయ వల్ల కాదు, అతను తన లాభం చూసుకోవడం వల్ల వస్తుందన్న వాక్యం రాయకుండా ఉండలేవు, తెలుసు. అయితే బేరం ఎలా కుదురుతుందన్నదే అక్కడి చర్చ. మనిషికి దయ అక్కర్లేదని ఎక్కడా అనలేదు.

మొదటి భాగం చివర్లో వెండి ధరల చర్చ కొండవీటి చాంతాడు. దాటెయ్, పాపం లేదు. ఈస్టిండియా కంపెనీ మీద రాసిన పేజీలు మాత్రం వదలకు. బెంగాల్ కరువు క్షామంగా మారడానికి బియ్యం వ్యాపారం మీద కంపెనీ నౌకర్లు పెట్టిన ఆంక్షలు కూడా కారణం కావచ్చన్నాడు. 1766లో నిజాం నుంచి మన ఉత్తర సర్కారులు పుచ్చుకున్నదీ ఆ కంపెనీయే కదా.

చదివిన ప్రతి అధ్యాయం ఐదారు వాక్యాల్లో తెలుగులో రాసుకో. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదువు. నా కాపీలు రెండూ మీ అమ్మతో పంపుతున్నాను. పెద్దదానిలో ఎర్ర పెన్సిల్ రాతలు గైడు కాలం నాటివి, వాటిని నమ్మకు. నీలం సిరావి కొంచెం నయం.

మీ మావయ్య