నాన్న పోయాక, పరాయి దేశంలో కౌన్సెలింగ్

నాన్నగారు పోయారు, వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుపోయి తిరిగి రాలేనేమోనని ఇండియా వెళ్ళలేకపోయాను, నిద్ర పట్టట్లేదు, కౌన్సెలింగ్‌కి వెళ్తే మేనేజరుకి తెలుస్తుందా, గ్రీన్‌కార్డుకి అడ్డమా అని అడిగావు తమ్ముడూ. ఈ భయంతోనే మనవాళ్ళు చాలామంది లోలోపలే కుమిలిపోతారు. అమెరికాలో ఉన్నావు కాబట్టి ఇక్కడి సంగతే చెప్తాను.

నీ కంపెనీ బెనిఫిట్స్ పేజీలో ఈఏపీ, అంటే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం ఉందేమో చూడు. చాలాచోట్ల దాన్ని బయటి సంస్థ నడుపుతుంది. మొదటి కొన్ని సెషన్లు ఉచితం, ఎన్ననేది కంపెనీని బట్టి. ప్రాణాపాయం, పిల్లల మీద హింస లాంటివి బయటపడితే తప్ప, నువ్వు చెప్పింది మామూలుగా బయటికి పోదు, నీ మేనేజరుకి చెప్పరు. దుఃఖానికి కౌన్సెలింగ్ తీసుకున్నావని ఇమిగ్రేషన్‌కి రిపోర్టూ వెళ్ళదు. గ్రీన్‌కార్డు మెడికల్ పరీక్షలో మానసిక ఆరోగ్యం విషయంలో డాక్టరు చూసేది తనకో ఎదుటివాళ్ళకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, చాలు.

ఈఏపీకి ఫోన్ చేయగానే "చనిపోవాలనిపిస్తోందా?" అని అడగొచ్చు. ఉలిక్కిపడకు, దాదాపు అందరినీ అడిగే ప్రశ్నే అది. అలాంటి ఆలోచన ఏ కొంచెం ఉన్నా దాచకు.

తెలుగు థెరపిస్టు కావాలంటే ఒక చిక్కుంది. వీడియోలో మాట్లాడినా సరే, మామూలుగా నువ్వున్న రాష్ట్రంలో వాళ్ళకి లైసెన్సు ఉండాలి. దొరక్కపోతే ఆగిపోకు, ఇంగ్లీషులోనే మొదలుపెట్టు. కాకపోతే మన సంగతులు వాళ్ళకి విడమరచి చెప్పాలి. "పెద్దకొడుకుని, తలకొరివి నేను పెట్టాలి, బాబాయి పెడుతుంటే వాట్సాప్‌లో చూశాను" అంటే వాళ్ళకి అంతు పట్టదు. ఆ బాధ్యత ఏమిటో, పదకొండో రోజు ఏం చేస్తారో, చుట్టాలు ఏమన్నారో అన్నీ చెప్పు. నీ గుండెలో గుచ్చుకుంటున్నది అక్కడే ఉంది. రెండు మూడుసార్లు వెళ్ళాక కూడా మాట కలవకపోతే వేరే మనిషిని అడుగు, ఎవరూ తప్పుపట్టరు.

స్టూడెంట్లయితే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరుకి వెళ్ళాలి. ఉద్యోగం చేసేవాళ్ళకి కాలిఫోర్నియాలో అయితే 2023 నుంచి, చాలావరకు, తల్లిదండ్రులు పోతే 5 రోజుల సెలవు చట్టం ఇచ్చిన హక్కు. ఫెడరల్ చట్టంలో మాత్రం అలాంటిది లేదు.

అర్ధరాత్రి మరీ భరించలేకపోతే ఇక్కడి సంక్షోభ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి, మెసేజ్ అయినా పెట్టొచ్చు. ఇండియాలో ఒంటరిగా ఉన్న అమ్మకి టెలి మానస్ అనే అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఇవ్వు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.