ఆ నగదు ఎక్కడుందో అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

కథలు రాయాలని పత్రికకు వస్తే బిజినెస్ డెస్కులో పడేశారని బాధపడుతూ రాశావు. తల్లీ, డబ్బు దగ్గర మనిషి నిజస్వరూపం బయటపడినట్టు ఇంకెక్కడా బయటపడదు. నువ్వు సరైన చోటికే వచ్చావు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ సంపాదించి చదువు. 2008 సెప్టెంబరు 30 నాటికి చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఉంది. ఆ లేని డబ్బుకు వడ్డీ కూడా లెక్కకట్టారు, 376 కోట్లు! ఆ త్రైమాసికపు ఆదాయంలో 24 శాతంగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతమే. హైదరాబాద్‌లో మా బల్లల మీదే ఉండేవి ఆ కంపెనీ నివేదికలు. లాభమెంత, కొత్త ఉద్యోగాలెన్ని అని అడిగాం. అంత నగదు ఏ బ్యాంకులో ఉందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ లేఖకు మూడు వారాల ముందు, రాజు కుటుంబానికి చెందిన నిర్మాణ, రియల్ ఎస్టేట్ రంగాల్లోని రెండు మేటాస్ సంస్థలను సత్యం కొంటుందని ప్రకటించి, మదుపరులు మండిపడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. ఖాతాల్లోని ఉత్తుత్తి ఆస్తుల చోట నిజమైనవి నింపే ఆఖరి ప్రయత్నం అదని లేఖ చూశాకే నాకు అర్థమైంది.

1992 ఏప్రిల్‌లో పాత్రికేయురాలు సుచేతా దలాల్ డబ్బు ఎక్కడుందన్న ఆ ప్రశ్న అడిగారు. స్టేట్ బ్యాంకు లెక్కల్లో తేలని సొమ్ము వెంట నడిచి షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణాన్ని బయటపెట్టారు. చేతిలో బాండ్లు లేకుండానే, వాటిని అమ్మినట్టు బ్యాంకులిచ్చే రసీదులు పుట్టడం, వాటిపై వచ్చిన డబ్బు షేర్లలోకి పారడం సామాన్యుడికి విప్పి చెప్పాలంటే రోజువారీ వార్తలు చాలవు. అందుకే దేబాశిస్ బసుతో కలిసి పుస్తకం రాశారు. నీకూ పుస్తకం రాయాలని ఉందన్నావు కదా, అలాంటి అవసరం నుంచే అది పుట్టాలి.

నా తొలి ఏడాదిలో ఒక డిపాజిట్ల కంపెనీ ఇచ్చిన ప్రకటనను కాస్త దిద్ది వార్తగా వేశాను. రెండేళ్లకు ఆ కంపెనీ మూతపడింది. ఒక రిటైర్డ్ మాస్టారు ఆఫీసుకు వచ్చి, ప్లాస్టిక్ కవరులోంచి డిపాజిట్ పత్రం తీశారు. దానికి నా వార్త కత్తిరింపు గుండుసూదితో గుచ్చి ఉంది. "ఇది రాసింది మీరేనా బాబూ?" అన్నారు. ఒక్క మాట తిట్టలేదు. సూది తుప్పు మరక సరిగ్గా నా పేరు పక్కన ఉంది. ఆ తర్వాత ఏ కంపెనీ మాటనూ అడగకుండా అచ్చుకు పంపలేదు.

నువ్వు రాసే కంపెనీల షేర్లు కొనకు. ఇందులో మినహాయింపు లేదు.

వార్షిక నివేదికను వెనక నుంచి చదువు. ఛైర్మన్ ఫొటో, సందేశం ఎటూ పోవు. ఆడిటరు నివేదిక, ఖాతాల కింది వివరణలు, సొంతవాళ్ల సంస్థలతో లావాదేవీలు ముందు చూడు. లాభం ఏటా పెరుగుతూ చేతికి నగదు రాకపోతే అక్కడ ఆగు.

ఏదో ఒక కంపెనీది తీసుకుని, అర్థంకాని చోటల్లా పెన్సిలుతో గీత గీసి పట్టుకురా. ఆదివారం ఉదయం ఇంట్లోనే ఉంటాను.