గదిలో ఉండేది అమ్మాయి, దరఖాస్తు నింపేది నాన్నా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సెప్టెంబరులో వెళ్లాలి. వసతి విషయం ఎటూ తేలడం లేదు. యూనివర్సిటీ హాల్ మంచిదా, ప్రైవేటు స్టూడియో తీసుకోవాలా, తెలుగు సీనియర్లు ఉంటున్న ఇంట్లో చేర్చాలా? తనకు ఇవన్నీ తెలియవు కాబట్టి దరఖాస్తు నేనే నింపుతున్నాను.
– ఒక తండ్రి

జవాబు: వేసవి వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ఊరు మారుతుంది, కోర్సు మారుతుంది, లోపలి బెంగ మాత్రం ఒకటే: పిల్లకు ఒంట్లో బాగోకపోతే అక్కడ పలికేవాళ్లెవరు? ముందు దానికే జవాబు చెబుతాను. యూనివర్సిటీ హాళ్లలో, అంటే యూనివర్సిటీ హాస్టళ్లలో, రాత్రివేళ కూడా ఫోను చేస్తే పలికే సిబ్బంది ఉంటారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద ధైర్యం అక్కడి వంటగది. ఐదారుగురికి, ఒక్కోచోట ఎనిమిది మందికి కలిపి ఒకటే ఉంటుంది. ఫ్రిజ్‌లో తలా ఒక అర, గోడకు తలా ఒక అల్మారా. ఉప్పు అరువడగడంతో మొదలైన పరిచయం పదిరోజుల్లో కలిసి వండుకోవడం దాకా వస్తుంది. మీ అమ్మాయి ఒకరోజంతా వంటగదిలోకి రాకపోతే పక్క గది పిల్ల వచ్చి తలుపు తడుతుంది. కాబట్టి నిబ్బరంగా ఉండండి.

స్టూడియోల మీద నాకున్న అనుమానం కూడా ఇక్కడే. కింద జిమ్, పైన సినిమా గది, తళతళలాడే ఫొటోలు. ఈ మధ్య తల్లిదండ్రులు వీటి వెంటే పడుతున్నారు. స్టూడియో అంటే మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఒకే తలుపు వెనక. నవంబరు చివర లీడ్స్‌లో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. అలాంటి ఒక సాయంత్రం నా పాత విద్యార్థిని ఫోను చేసి, "మేడమ్, శుక్రవారం క్లాసు తర్వాత ఈరోజే మళ్లీ నోరు విప్పి మాట్లాడుతున్నాను" అంది. ఆ రోజు సోమవారం. ఆమెది అన్ని హంగులూ ఉన్న స్టూడియో. ఒంటరిగా ఉంటేనే హాయిగా చదువుకోగలిగే పిల్లలు ఉంటారు, వాళ్లకు అది నప్పుతుంది. మీ అమ్మాయి అలాంటిదేనా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

సీనియర్ల ఇల్లు చవకగా పడవచ్చు, మన మాట వినిపిస్తుంది. అయితే ఒప్పందం ఎవరి గదికి వారిదా, ఉమ్మడిదా అని అడగండి. ఉమ్మడిదైతే ఒకరు మధ్యలో వెళ్లిపోయినా వారి వాటా మిగిలినవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. అందరూ పూర్తికాల విద్యార్థులైతే ఆ ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) ఉండదు. కోర్సు ముగించి ఉద్యోగంలో చేరిన సీనియర్ ఒక్కరున్నా ఇంటికి ఆ పూర్తి మినహాయింపు పోతుంది. ఇంగ్లండ్‌లో 2019 చట్టం ప్రకారం, ఏడాది అద్దె 50 వేల పౌండ్ల లోపుంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు. ఇల్లు అద్దెకిచ్చిన యజమాని ఆ సొమ్మును 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో ఉంచాలి. అలా ఉంచినట్టు కాగితం అడిగి తీసుకోవాలి. ఎవరూ కళ్లతో చూడని ఇంటికి వాట్సాప్‌లో ఫొటో పంపి వెంటనే డబ్బు వేయమంటే ఒక్క పౌండు కూడా పంపకండి.

అద్దె వారానికి చెబుతారు, ఒప్పందం ఎన్ని వారాలకో చూసి గుణించండి. డిగ్రీ విద్యార్థులకు తరచూ 40 వారాల చుట్టూ ఉంటే, పీజీవాళ్లకు 51 వారాల దాకా ఉంటుంది. వీసా రాకపోతే కట్టింది వెనక్కిస్తారా, ఏ తేదీలోగా తెలపాలి అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. ఫోనులో చెప్పిన మాట చెల్లదు.

ఇక మీ చివరి వాక్యం. "తనకు ఇవన్నీ తెలియవు" అన్నారు. డిగ్రీ పూర్తిచేసి, విదేశంలో సీటు తెచ్చుకున్న అమ్మాయికి తను పడుకునే గది ఎంచుకోవడం తెలియదా? తెలుసుకునే అవకాశం మీరే ఇవ్వడం లేదు. కాస్త కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. ఆ దరఖాస్తులో చాలాచోట్ల ఏం అడుగుతారో చూశారా? నిశ్శబ్దంగా ఉండే ఫ్లాట్ (ఒకే వంటగది పంచుకునే గదులు) కావాలా, అమ్మాయిలు మాత్రమే ఉండేది కావాలా, మద్యం లేనిది కావాలా అని. వీటికి మీరు జవాబు రాస్తే, ఏడాదిపాటు మీ ఇష్టాల మధ్య ఆమె కాపురం చేయాలి.

నన్నడిగితే మొదటి ఏడాదికి హాలే మేలు. చాలా యూనివర్సిటీలు గడువులోగా దరఖాస్తు చేసినవారికి గది హామీ ఇస్తాయి, అది పీజీవాళ్లకూ వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. హామీ గదికే గాని కోరుకున్న గదికి కాదు. అందుకని ప్రాధాన్యాలన్నీ సొంత బాత్రూం ఉన్న ఖరీదైన గదులతో నింపేయకుండా, ఉమ్మడి బాత్రూం గది ఒకటైనా పెట్టమనండి. ఈ రాత్రికి ఆ దరఖాస్తు నింపే వెబ్‌సైట్ పాస్‌వర్డు అమ్మాయి చేతికిచ్చి, గడువు తేదీ తననే చూసి చెప్పమనండి. మీరు పక్కన కూర్చోండి, అడిగితేనే మాట్లాడండి.